కుడికాలి గేరు

పళ్ళ ల్యాబు, వెనక గది
సోమవారం

అత్తా,

ముందు కూర్చో. నిలబడి చదివితే గంతేస్తావు, ఆ ఎడమ మోకాలితో గంతులు వేసే వయసు కాదు నీది.

నేను బండి కొన్నాను! ఇంగ్లీషు వాళ్ళ ఐదువందల సీసీ సింగిల్. నువ్వు నడిపిన రకమే. ఒకే ఒక్క సిలిండరు, బిందెంత ఉంది. మూతపడ్డ పాలకేంద్రం షెడ్డులో మూడు చెక్కపెట్టెల్లో ముక్కలుగా పడి ఉంటే తెచ్చుకుని, ఏడు నెలలుగా ఈ వెనక గదిలోనే బిగిస్తున్నాను. పగలంతా జనానికి పళ్ళ సెట్లు, సాయంత్రం దీనికి సేవ. కార్బొరేటర్‌లో సూది అరిగిపోతే కొత్తది ఎక్కడా దొరకలేదు. పళ్ళకి మెరుగుపెట్టే మిషను మీద ఇత్తడి కడ్డీ పెట్టి నేనే అరగదీసి చేసుకున్నాను. మా డాక్టరుగారు చూసి "ఇదెవరి నోట్లోకమ్మా?" అన్నారు.

నిన్నటికి బిగించడం అయింది. ట్యాంకు నలుపు, అంచున బంగారు గీత. ఎంత బాగుందో రాయడం నా వల్ల కాదు. ఒక్కటే చిక్కు, స్టార్టు కాదు. పదకొండు కిక్కులు కొట్టాను. పన్నెండో కిక్కుకి అదే నన్ను తన్నింది. వెళ్ళి గోడకి కొట్టుకుని కింద కూర్చున్నాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అరికాలు వాచింది.

ఫోను చేస్తే నీకు వినపడదు, "ఆ? ఏంటీ?" అని మూడుసార్లు అరిచి పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం. దీన్ని లేపడం ఎలాగో రాయి. జర్మన్ బండ్లు ఎలా నడిచేవో, ఇటలీ బండ్లు ఎలా నడిచేవో, అప్పటివన్నీ రాయి. చిన్నప్పటి నుంచి నిన్ను అడగాలని ఉండేది. మా ఇంట్లో ఆ మాట ఎత్తితే నాన్న లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

ఆయనకి మాత్రం ఇప్పుడే చెప్పకు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నాడు. రైలింజను దిగేదాకా ఆయన్ని కదిలించకూడదని అమ్మ ఆర్డరు.

నీ పిడుగు

*

కుట్టుమిషన్ల రిపేరు షాపు
శుక్రవారం

పిడుగూ,

నీకు బుద్ధి లేదు. ఉంటే ఆ పెట్టెలు పాలకేంద్రంలోనే వదిలేసి వచ్చేదానివి. ఇలాంటి వాటి జోలికి వెళ్ళొద్దని చెప్పాల్సిన పెద్దదాన్ని కాబట్టి చెప్పాను. చెప్పడం అయింది కదా, ఇక విను.

తన్నిందంటే తప్పు నీదే. హ్యాండిలు మీద చిన్న మీట ఉంటుంది, లోపల నిప్పు ముందుగా పడాలా ఆలస్యంగా పడాలా అని చెప్పేది. స్టార్టు చేసేటప్పుడు దాన్ని ఆలస్యంలో పెట్టాలి. నువ్వు పెట్టలేదు. చీలమండ విరగలేదు, అదృష్టవంతురాలివి.

ఇలా చెయ్యి. పెట్రోలు తెరువు. కార్బొరేటర్ పక్కనున్న బొడిపె నొక్కి పట్టుకో, వేలికి తడి తగిలేదాకా. మీట ఆలస్యంలోకి తిప్పు. ఇప్పుడు కిక్కుని మెల్లగా కిందికి తొయ్యి. ఒకచోట బండి ఇక కుదరదన్నట్టు బిగదీసుకుంటుంది. అక్కడ ఆగు. క్లచ్ కింద ఇంకో బుల్లి లివరు ఉంటుంది, అది పట్టుకుంటే లోపలి గాలి ఉస్సుమని పోతుంది. పట్టుకుని బెత్తెడు దాటించి వదిలెయ్యి. కిక్కుని పైకి రానివ్వు. ఇప్పుడు కొట్టు. తుంటి నుంచి, చివరిదాకా. కోపంగా కొట్టేవాళ్ళకి అది లేవదు. నేను రోజుకి పదిసార్లు లేపేదాన్ని.

నా పని గురించి నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. ఊళ్ళో రెండు సినిమా హాళ్ళు, సినిమా పెట్టె మాత్రం ఒక్కటే. ఈ హాల్లో ఆట మొదలైన ముప్పావుగంటకి ఆ హాల్లో మొదలు. ఇక్కడ రీళ్ళు తిరగడం అయిపోగానే డబ్బాలో వేసుకుని నేను అక్కడికి పరుగు. మధ్య నాలుగు మైళ్ళు, పదకొండు మలుపులు, ఒక రైల్వే గేటు. నేను రాకపోతే అక్కడ ఏడొందల మంది చీకట్లో ఈలలు వేస్తూ కూర్చోవాల్సిందే. హీరో ప్రాణం నా చేతిలో ఉండేది, తెలుసా! హాళ్ళ వాళ్ళందరికీ నేను రీలక్కని. తొమ్మిదేళ్ళలో ఒక్క రీలు ఆలస్యం చెయ్యలేదు.

ఇంగ్లీషు సింగిల్ నడక వేరు. ఇంజను కొట్టే ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకోవచ్చు. నలభై మైళ్ళ వేగానికి చేతులు తిమ్మిరెక్కుతాయి, యాభైకి అద్దంలో లోకం మసకబారుతుంది, యాభై ఐదు దాటాక ఉన్నట్టుండి నున్నబడిపోతుంది. ఆ నున్నదనం కోసమే అందరం చచ్చేవాళ్ళం. ఎక్కడ నిలబెట్టినా ఒక నూనె చుక్క కింద పెడుతుంది, నువ్వేం కంగారుపడకు. జర్మన్ బండి పెద్దమనిషి. సిలిండర్లు రెండు, చెరో పక్కకి. నిలబెట్టి యాక్సిలరేటర్ తిప్పితే ఒక పక్కకి ఒరుగుతుంది. చైను ఉండదు, షాఫ్టు. స్పీడు పెంచితే సీటు లేస్తుంది, తగ్గిస్తే కూర్చుంటుంది. చలిలో కాళ్ళకి వెచ్చగా ఉంటుంది. రెండొందల మైళ్ళు పోయినా అలసట రాదు, నన్నడిగితే సరదా కూడా రాదు. ఇటలీ బండి కోపిష్టి పిల్ల. మెల్లగా వెళ్తే దగ్గుతుంది, సణుగుతుంది. గట్టిగా తిప్పావా, పాడుతుంది! మలుపులో ఎటు చూస్తే అటు వెళ్తుంది. ఒళ్ళు కూడా వంచక్కర్లేదు. వాన పడితే మాత్రం దీపాలు అలుగుతాయి.

చూశావా, నాలుగు కాగితాలయ్యాయి. ఒకావిడ మిషను పట్టుకుని పావుగంట నుంచి నిలబడింది. లేస్తే ఉత్తరం రాయి, లేవకపోయినా రాయి.

అత్త

*

పళ్ళ ల్యాబు
ఆదివారం, చేతులు కడుక్కోకుండానే

అత్తా, అత్తా, అత్తా!

లేచింది! రెండో కిక్కుకే! ఈ గదిలో దాని చప్పుడు ఎలా ఉందనుకున్నావు? అల్మరాలో ఉన్న పళ్ళ అచ్చులన్నీ ఒక్కసారి టకటకలాడాయి. పైనున్న డాక్టరుగారు భూకంపమని చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చారు. వచ్చి, చూసి, "ఇంకోసారి కొట్టమ్మా" అన్నారు.

వెనక వీధిలో రెండు చుట్లు వేశాను. నువ్వు చెప్పింది నిజం, చేతులు తిమ్మిరెక్కాయి. పళ్ళు కూడా తిమ్మిరెక్కాయి. ఇంత ఆనందం ఒంట్లో ఎక్కడ పట్టించాలో తెలియక గట్టిగా కేకలు పెట్టాను. మూడో చుట్టులో నిచ్చెన పట్టుకుని ఒకాయన అడ్డం వచ్చాడు. కుడికాలితో గట్టిగా బ్రేకు తొక్కాను. ఆగాల్సిన బండి తుర్రుమని ముందుకి ఉరికింది! నేను తొక్కింది గేరు. ఆయన నిచ్చెన పారేసి దూకాడు, నేను వెళ్ళి లాండ్రీ వాళ్ళు ఆరేసిన తడి దుప్పట్లలో పడ్డాను. ఎవరికీ ఏమీ కాలేదు. లాండ్రీ ఆవిడ నన్ను దుప్పట్లోంచి విప్పి తీస్తూ "నువ్వు మాపని బట్టలేమైనా మిగిలాయా తల్లీ" అంది.

అత్తా, మా ఇంట్లో ఒక మాట ఉంది. ఎవరైనా ఒకటి చెయ్యబోయి ఇంకోటి చేస్తే "అత్త బ్రేకు వేశావా?" అంటాం. చక్కెర బదులు ఉప్పు వేస్తే అత్త బ్రేకు. తప్పు బస్సెక్కితే అత్త బ్రేకు. ముప్పై రెండేళ్ళ కింద నువ్వు బ్రేకనుకుని గేరు తొక్కి బేకరీ గోడకి గుద్దావని, వెనక నాన్న ఉన్నాడని, ఆయనకి మోచెయ్యి మాత్రం గీరుకుందని, నీకు మోకాలూ ఉద్యోగమూ రెండూ పోయాయని చెబుతారు కదా, దాని నుంచి పుట్టింది. ఇవాళ అసలైన అత్త బ్రేకు వేసింది నేనే! ఆ రోజు ఏం జరిగిందో నువ్వే చెప్పవా? నేను మళ్ళీ పడకుండా ఉంటాను.

ఇంకోటి. పాత బండ్ల క్లబ్బు వాళ్ళ కొండ పరుగు నాలుగు నెలల్లో ఉంది. నువ్వు రావాలి.

నీ పిడుగు

*

కుట్టుమిషన్ల షాపు
గురువారం

పిడుగూ,

లేచినందుకు సంతోషం.

ఆ మాట మీ ఇంట్లో ఇంకా నడుస్తోందని నాకు తెలియదు. పిల్లలక్కూడా నేర్పారన్నమాట.

నీ కాలి సంగతి. మామూలు బండికి గేరు ఎడమ, బ్రేకు కుడి. జర్మన్ దానికీ అంతే. పాత ఇంగ్లీషు బండికి తిరగేసి ఉంటుంది, గేరు కుడి, బ్రేకు ఎడమ. బుర్రకి తెలిస్తే సరిపోదు, కాలికి తెలియాలి. బండిని స్టాండు వేసి కూర్చుని ఎడమకాలితో రోజూ వందసార్లు బ్రేకు తొక్కు. ఒక నెల వేరే బండి ముట్టుకోకు. కంగారుపడితే కాలు తనకి అలవాటైన చోటికే పోతుంది.

ఆ రోజు వాన అప్పుడే వెలిసింది. బేకరీ మలుపులో పిండి బస్తాల లారీ వెనక్కి వస్తోంది. భుజం మీదుగా తెల్లగోడ దగ్గరికి రావడం చూశాను. గేరు పడిన చప్పుడు విన్నాను. అంతే. రీలు డబ్బా మూత ఊడి సినిమా అంతా రోడ్డు మీద బురదలో పరుచుకుంది. బండి పడిపోయి కూడా కొట్టుకుంటూనే ఉంది.

కొండ పరుగుకి నేను రాను. పని ఉంది.

అత్త

*

పళ్ళ ల్యాబు
మంగళవారం

అత్తా,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. తెల్లగోడని భుజం మీదుగా చూశానన్నావు.

ఎవరి భుజం?

బండి నడిపేవాళ్ళకి ఎదురుగా హ్యాండిలు ఉంటుంది, భుజం ఉండదు. మొదట నువ్వు పొరపాటున రాశావనుకున్నాను. తరువాత స్టాండు మీద కూర్చుని నువ్వు చెప్పినట్టే ఎడమకాలితో వంద లెక్కపెట్టాను. మూడు వారాలకే నా కాలు దారిలో పడింది. నీది తొమ్మిదేళ్ళు, రోజుకి పదిసార్లు. నీ కాలు కుడివైపు బ్రేకు వెతుక్కుంటుందా? వేరే బండ్లు ఎప్పుడైనా ఎక్కినా, రోజూ నడిపింది ఇదే కదా. ఆ తప్పు కుడివైపు బ్రేకున్న బండికి అలవాటు పడ్డవాళ్ళే చెయ్యాలి, నాలాగా.

మా ఆల్బంలో ఒక ఫొటో ఉంది. నాన్న స్నేహితుడి జర్మన్ బండి మీద కూర్చుని నవ్వుతుంటాడు. వెనక తారీకు రాసి ఉంది. నీ యాక్సిడెంటుకి సరిగ్గా నెల ముందు.

నడిపింది నాన్న కదూ?

నీ పిడుగు

*

కుట్టుమిషన్ల షాపు
శనివారం

నీకు పళ్ళు చెయ్యడం వచ్చు, అది చేసుకో. పోలీసు పని నీకెందుకు? బండి అమ్మెయ్. నాకు ఇక ఈ సంగతి రాయకు.

అత్త

*

కుట్టుమిషన్ల షాపు
ఆ తరువాతి ఆదివారం, షట్టరు దించి

పిడుగూ,

ఎనిమిది రోజులు నిద్ర లేదు. మొన్న ఒకావిడ మిషనుకి సూది తిరగేసి బిగించి పంపాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చెయ్యలేదు. అందుకని రాసేస్తున్నాను.

అవును, వాడే.

అప్పుడు వాడికి ఇరవై ఎనిమిది. రైలు డ్రైవరు ట్రైనింగుకి రమ్మని కాగితం వచ్చింది, పది రోజుల్లో చేరాలి. ప్రమాదం కేసు ఉన్నవాళ్ళని తీసుకోరని ఆ కాగితంలోనే ఉంది. స్నేహితుడి జర్మన్ బండి నెల రోజులు నడిపి తనంతటివాడు లేడనుకుంటున్నాడు. "ఒక్క ట్రిప్పు అక్కా, ఒక్కటంటే ఒక్కటి" అని హాలు మెట్ల దాకా వెంటపడ్డాడు. హ్యాండిలు ఇచ్చింది నేనే. ఆ తప్పు నాదే, కాదనను.

పోలీసాయన వచ్చి ఎవరు నడిపారని అడిగేసరికి వాడు గోడకి ఆనుకుని వణుకుతున్నాడు. నేను కిందపడి ఉన్నదాన్ని, అక్కడి నుంచే నేనని చెప్పాను. మోకాలు ఎలాగూ పోయింది, పేరు పోతే ఏముందిలే అనుకున్నాను. పేరు పోతే మోకాలికంటే ఎక్కువ నొప్పి పెడుతుందని అప్పుడు తెలియలేదు. హాళ్ళవాళ్ళు మానిపించారు. మోకాలు కట్టు విప్పాక పేపరు ఆఫీసుకి వెళ్ళాను, మందుల కంపెనీకి వెళ్ళాను. బండి మీద సరుకు చేరవేసే పని ఎక్కడ ఉంటే అక్కడికల్లా వెళ్ళాను. "బేకరీ గోడ అమ్మాయివి నువ్వేనా?" అని నవ్వి పంపేశారు. ఊళ్ళో నా అంత బాగా నడిపేవాళ్ళు లేరని తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. ఆ తరువాత ఇంక బండి ఎక్కలేదు.

ఆ "అత్త బ్రేకు" అనే మాట మొదట ఎవరన్నారో తెలుసా? అప్పుడు "అక్క బ్రేకు" అన్నాడు. వాడే. ఇంటికొచ్చినవాళ్ళకి అనుమానం రాకూడదని నవ్విస్తూ అన్నాడు. నేను కూడా నవ్వాను.

వాడి మీద నాకు పగ లేదు. ముప్పై రెండేళ్ళు ఒక్క ప్రమాదం లేకుండా వేలమందిని ఇళ్ళకి చేర్చాడు. అది చూసుకునే బతికాను. ఇప్పుడు దిగే ముందు వాడి నెత్తిన ఇది పెట్టకు. నువ్వు వాడితో ఒక్క మాట అన్నావని తెలిస్తే నీ ముఖం చూడను.

అత్త

*

ఇంట్లో నా గది
బుధవారం

అత్తా,

ఒక్క మాట కూడా అనలేదు. మొత్తం చదివి తరువాత తిట్టు.

నెల కింద నాన్న ల్యాబుకి వచ్చాడు. నా బట్టల్లో ఇంజను నూనె వాసన పట్టేశాడు. ఇంజను మనిషి కదా, దాస్తే దాగుతుందా? గది తలుపు తీసి బండి చూశాడు. కేకలేస్తాడని చెవులు మూసుకున్నాను. చుట్టూ తిరిగాడు. ట్యాంకు మీద చెయ్యి వేశాడు. మెల్లగా ఎక్కి కూర్చున్నాడు. కూర్చోగానే ఆయన కుడికాలు దానంతటదే కిందికి నొక్కింది. టక్కుమని గేరు పడింది.

కిందికి వంగి కాలి దగ్గర చూశాడు. "ఇది గేరు" అన్నాడు.

"తెలుసు నాన్నా" అన్నాను. నీ మీద ఒట్టు, ఇంతకుమించి ఒక్క ముక్క అనలేదు. ఆయన నా ముఖం చూశాడు, దిగాడు, వెళ్ళిపోయాడు.

పోయిన వారం డిపో హాల్లో వీడ్కోలు సభ. మన వాళ్ళందరూ వచ్చారు, నువ్వు తప్ప. పెద్ద ఆఫీసరు లేచి ముప్పై రెండేళ్ళలో ఒక్క మచ్చ లేదని పొగిడాడు. నాన్న మైకు తీసుకున్నాడు. స్విచ్చి వెయ్యబోయి పక్కనున్న ఫ్యాను స్విచ్చి వేశాడు. బల్ల మీది కాగితాలన్నీ ఎగిరాయి. మా మావయ్య వెనక నుంచి అరిచాడు, "బావ అత్త బ్రేకు వేశాడు!" హాలంతా గొల్లుమంది.

నాన్న నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా ఆగాడు.

"ఆ బ్రేకు వేసింది నేను" అన్నాడు. "ఇప్పుడు కాదు, ఆ రోజు. బండి నేను నడిపాను. కాలు నాది. మా అక్క వెనక కూర్చుంది. నా ఉద్యోగం పోకూడదని తను నడిపానని చెప్పింది. ఆమె తొమ్మిదేళ్ళు ఒక్క రీలు ఆలస్యం చెయ్యలేదు. నేను ఆమె పేరు మీద జోకు కట్టి మీ అందరికీ నేర్పాను. ఇక ఆ మాట ఎవరూ అనొద్దు. అంటే నా పేరుతో అనండి."

ఆఫీసరు గారికి చప్పట్లు కొట్టాలో మానాలో తెలియలేదు. మావయ్య తలొంచుకున్నాడు. అమ్మ ఏడ్చింది. తరువాత ఇంటికొచ్చి "నాక్కూడా చెప్పలేదు కదూ" అని రెండు రోజులు మాట్లాడలేదు. నేను మాత్రం అక్కడే కుర్చీ ఎక్కి ఈల వేశాను అత్తా, రీలు ఆలస్యమైతే వేసేలాంటిది!

నాన్న నీకు ఉత్తరం రాద్దామని కూర్చుని ఆరు కాగితాలు చింపాడు. "ఏం రాయాలే?" అంటాడు. నీ ఎదుటికి రావడానికి భయపడుతున్నాడు. అందుకని నేనే తెగించాను. వచ్చే ఆదివారం కొండ పరుగు. నడిపేవాళ్ళ గడిలో నీ పేరు రాశాను. వెనక సీటు గడిలో ఆయన పేరు. కొట్టాలనుకుంటే వచ్చి కొట్టు.

నీ పిడుగు

*

కుట్టుమిషన్ల షాపు
సోమవారం పొద్దున్నే, బేరాలు రాకముందు

పిడుగూ,

నిన్న నువ్వు కొండ కింద గేటు దగ్గర నిలబడి చూసింది చూశావు. నేను మొదటి కిక్కుకే లేపడం చూశావు. "రీలక్క" అని మైకులో పిలిచినప్పుడు ఆ చప్పట్లు ఎంత పెద్దవంటే నాక్కూడా వినపడ్డాయి. పైన ఏం జరిగిందో మాత్రం నీకు తెలియదు. వాడు చెప్పడు, నేను చెబుతాను.

మొదటి మలుపు దాకా ఒళ్ళంతా వణుకు. నా వణుకో బండి వణుకో తెలియలేదు. రెండో మలుపుకి మోకాలు మరిచిపోయాను. మూడో దానికి వయసు మరిచిపోయాను. నీ చేతిలో ఏదో ఉందే పిల్లా, ఆ ఇంజను ఎంత తియ్యగా లాగిందనీ! ఇటలీ బండి ఒకటి పాడుకుంటూ మమ్మల్ని దాటింది, పోనిచ్చాను. ఎత్తు రాగానే అది గేర్లు వెతుక్కుంటూ దగ్గింది, మనది మూడో గేరులోనే దుడ్డుకర్ర పట్టుకుని ఎక్కేదానిలా ఎక్కేసింది. పక్కనుంచి పోతూ చెయ్యి ఊపాను. నాకు సిగ్గు లేదు.

ఏడో మలుపు తిరగగానే ఎదురుగా జర్మన్ బండి ఒకటి అడ్డంగా పడి ఉంది, పక్కనే దాని మనిషి చేతులు ఊపుతున్నాడు. కుడి పక్క రాతి గోడ. నేను ఏమీ ఆలోచించలేదు. ఆలోచించే టైము ఎక్కడిది? చూసేసరికి ఎడమకాలు బ్రేకు మీద ఉంది. రెండు బారల దూరంలో ఆగాం. ఆ మనిషి దుమ్ము దులుపుకుని దణ్ణం పెట్టాడు.

ఇంజను మెల్లగా కొట్టుకుంటోంది. మీ నాన్న రెండు చేతులూ నా భుజాల మీద ఉన్నాయి. నా చెవి దగ్గరికి వంగి అన్నాడు, "అక్కా, ఆ రోజు నువ్వు నడిపుంటే ఆగేది."

ముప్పై రెండేళ్ళుగా ఆ మాట నా నోటి దాకా వచ్చేది, మింగేసేదాన్ని.

"ఆగేదిరా" అన్నాను.

వాడు నా వీపుకి తల ఆనించాడు. జాకెట్టు తడిసింది. వాణ్ణి ఏడవనిచ్చి, పడ్డ బండి పక్కనుంచి తప్పించి, గేరు వేసి మిగిలిన కొండ ఎక్కాను.

అత్త